పూరింటికి తొమ్మిది కోట్లా? డెవన్ దారిలో నాలుగు రోజులు

రాత్రి అన్నాలయ్యాక ఇళ్ల అమ్మకాల ప్రకటనలు చూడటం మా ఆయనకి అలవాటు. కొనేది లేదు, పెట్టేది లేదు. ఇంగ్లండ్‌లో రెడింగ్ ఊళ్లో మాకున్న ఇంటికే ఇంకా పదిహేడేళ్ల అప్పు ఉంది. మే నెలలో ఓ రోజు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. నైరుతి మూల డెవన్ జిల్లాలో క్రెడిటన్ దగ్గర పదహారో శతాబ్దం నాటి రైతు ఇల్లు. మట్టి గోడలు, గడ్డి కప్పు, నాలుగు పడకగదులు, ఎకరంన్నర తోట. 8 లక్షల పౌండ్లు. మూడు నెలలకని మా దగ్గరికి వచ్చిన నాన్న కళ్లజోడు సర్దుకుని లెక్కేసి, "పూరింటికి తొమ్మిది కోట్లా అమ్మా?" అన్నారు.

నాన్న కోనసీమలో తాటాకింట్లో పుట్టి పెరిగారు. ఆ ఇల్లు చూడాల్సిందేనని నాకంటే ఆయనకే పట్టుదల వచ్చింది. ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా అని దారిలో మరికొన్ని గడ్డి ఇళ్లు కూడా కలుపుకుని మూడు రాత్రుల ట్రిప్ వేశాం.

మొదట బ్రిస్టల్ శివార్లలోని బ్లేజ్ హ్యామ్లెట్. ఒక బ్యాంకు యజమాని పని మానేసిన తన ముసలి నౌకర్ల కోసం 1811 ప్రాంతంలో జాన్ నాష్ అనే ఆర్కిటెక్ట్ చేత కట్టించిన తొమ్మిది కాటేజీలు. పచ్చిక చుట్టూ బొమ్మల కొలువు పెట్టినట్టుంటాయి. ఇళ్లలో మనుషులు ఉంటున్నారు కాబట్టి లోపలికి పోనివ్వరు. పావుగంట చాలు. దీని కోసమే ప్రయాణం పెట్టుకోవద్దు, మోటార్‌వే మీద కాళ్లు సాగదీసుకోవడానికి ఆగితే బాగుంటుంది.

సెల్వర్తీ అలా కాదు. ఎక్స్‌మూర్ అనే బీడు కొండల అంచున, వాలులో ఉన్న ఈ ఊరి కాటేజీల్ని కూడా సర్ థామస్ ఆక్లండ్ 1828లో తన ఎస్టేట్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకునేవాళ్ల కోసమే కట్టించాడు. ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. లేత పసుపు గోడలు, కనుబొమ్మల్లా వంగిన గడ్డి కింద చిన్న చిన్న కిటికీలు. పైన సున్నం కొట్టిన తెల్లటి చర్చి. దాని ముందు నిలబడితే ఎదురుగా 519 మీటర్ల డంకరీ బీకన్ కొండ. టీ గదిలో స్కోన్లు అనే చిన్న రొట్టెలు తిన్నాం. డెవన్‌లో ముందు మీగడ రాసి పైన జామ్ వేస్తారు, కార్న్‌వాల్‌లో తిరగేసి. ఈ విషయంలో రెండు జిల్లాలవాళ్లు ఆవకాయలో వెల్లుల్లి ఉండాలా వద్దా అన్నంత తీవ్రంగా వాదించుకుంటారు. ఎత్తు ఎక్కువ, దారి రాళ్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే నిదానంగా నడిపించాలి. మొత్తం ట్రిప్‌లో మళ్లీ వెళ్లాలనిపించిన చోటు ఇదొక్కటే.

బస గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పోర్లాక్ దగ్గర రెండు రాత్రులకి గడ్డి కప్పు కాటేజీ తీసుకున్నాం. మందపాటి గోడల వల్ల బయట ఎండ మండుతున్నా లోపల కుండలో నీళ్లంత చల్లగా ఉంది. వాన పడితే పెంకుల మీద పడ్డ చప్పుడు ఉండదు, గడ్డి మింగేస్తుంది. ఇవీ సుఖాలు. గుమ్మం నాన్న భుజం కంటే కాస్తే ఎత్తు. మొదటి రోజే మా ఆయన నుదురు మూడుసార్లు బొప్పి కట్టింది. ఫోన్ సిగ్నల్ లేదు. కొట్టు మూడు మైళ్లు. దారులు ఎంత ఇరుకంటే ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనమే పొద కంచెల మధ్య రివర్స్‌లో పోవాలి. పోర్లాక్ కొండ మీద రోడ్డు నాలుగడుగులకి అడుగు ఎత్తు లేస్తుంది. బ్రేకుల మీద నమ్మకం లేకపోతే పక్కనున్న టోల్ రోడ్డు పట్టుకోండి.

వంటింట్లో గోడకి నియమాల కాగితం ఉంది. కొవ్వొత్తులు వద్దు, తోటలో బార్బెక్యూ వద్దు, టపాసుల ఊసే వద్దు. అది చదివి నవ్వుకుని నేను పప్పుకి తాలింపు వేశాను. ఆవాలు చిటపటలాడాయో లేదో ఇంట్లో ఉన్న అలారాలన్నీ ఒక్కసారి మోగాయి. ఐదు నిమిషాల్లో పక్కింటి పెద్దాయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. లండన్‌లో 1212 నాటి అగ్నిప్రమాదం తర్వాత గడ్డి కప్పుల్ని నిషేధించారు. 1997లో తెరిచిన గ్లోబ్ థియేటర్‌కి గడ్డి వేసుకోనిచ్చారంటే ప్రత్యేక అనుమతితోనే, పైన స్ప్రింక్లర్లు పెట్టాకే. ఆ తర్వాత రెండు రోజులూ పెరుగన్నం, ఆవకాయ.

మూడో రోజు అసలు ఇల్లు. ఏజెంట్ కుర్రాడు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. మర్యాదస్తుడే, కానీ ఇంటి గురించి వాడికి తెలిసింది ప్రకటనలో ఉన్నంతే. ఏది అడిగినా "సర్వేయర్ చెప్తాడు" అన్నాడు. "గడ్డి కప్పి ఎన్నేళ్లయింది?" అని నాన్న అడిగితే, "ఈ మధ్యే కొప్పు కొత్తగా వేశారు" అన్నాడు. కొప్పంటే రెండు వాలులూ పైన కలిసే అంచు. నాన్న నా వైపు చూసి, "కొప్పు సంగతి కాదమ్మా నేనడిగింది" అన్నారు.

ఇక్కడ నాకు తెలిసొచ్చింది. కొప్పు పది పదిహేనేళ్లకోసారి ఎలాగూ మార్చాలి. ప్రకటనలో ఫోటోకి అందంగా కనబడేది అదే. అసలు ఖర్చు కింది వాలుది. డెవన్‌లో గోధుమ గడ్డిని దువ్వి కంకులూ ఆకులూ తీసేసి కప్పుతారు. వాలు బాగుంటే, ఎండా గాలీ తగిలితే పాతిక ముప్పయ్యేళ్లు నిలుస్తుంది. నార్ఫోక్ వైపు వాడే నీటి రెల్లు ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. కప్పు నిటారుగా ఉంటే వాన జారిపోతుంది, పై పొర మాత్రమే తడుస్తుంది. మన చూరుల్లాగే ఇక్కడా వాన నీటి గొట్టాలుండవు, నీళ్లు నేల మీదే పడతాయి. ఇప్పటి పొట్టి గోధుమలు దీనికి పనికిరావు. కోత యంత్రం గడ్డిని నలిపేస్తుంది కూడా. అందుకని పొడుగ్గా ఎదిగే పాత రకాల్ని వేరుగా పండించి, పాతకాలపు యంత్రాలతో కోస్తారు.

నాన్న ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఉత్తరం వైపు చెట్టు కొమ్మ కప్పు మీదికి వంగింది, దాని కింద నాచు. పడమటి వాలులో నీళ్లు కోసిన చారలు. అక్కడక్కడ గడ్డిని పట్టి ఉంచే హేజెల్ పుల్లలు బయటికి తేలాయి. "అల్లుడుగారూ, పుల్ల కనబడిందంటే గడ్డి అరిగిపోయినట్టే" అన్నారు. ఏజెంట్ ఫోన్ చూసుకుంటున్నాడు.

అటక మీదికి మాత్రం నిచ్చెన వేసి చూడనిచ్చాడు. ఈ ఇల్లు కట్టినప్పుడు మధ్య గదికి పై అంతస్తూ లేదు, పొగ గొట్టమూ లేదు. నేల మధ్యలో పొయ్యి, పొగంతా కప్పులోంచే పోయేది. డెవన్‌లో పాత గడ్డిని పూర్తిగా పీకకుండా దాని మీదే కొత్తది వేస్తూ వచ్చారు. దాంతో అడుగు పొర కొన్ని ఇళ్లలో వందల ఏళ్లుగా అలాగే ఉండిపోయింది. వృక్షశాస్త్రజ్ఞులు వచ్చి ఆ నల్లటి గడ్డిలోంచి అప్పటి గోధుమ, రై, పొలంలో కలుపు మొక్కలు కూడా గుర్తుపట్టి రాసుకున్నారు. టార్చి వేస్తే తారు పూసినంత నల్లగా ఉంది. నాన్న ఓ పోచ పట్టుకుని చూసి, ఎక్కడిదక్కడ పెట్టేశారు. "పొగచూరింది. మా అమ్మ వంటిల్లు కూడా ఇలాగే ఉండేది. పొగ పట్టిన ఆకుకి పురుగు చేరదు" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కారెక్కాక లెక్కలు. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లతో 8 లక్షల ఇంటికి స్టాంప్ డ్యూటీ 30 వేల పౌండ్లు. ఉన్న ఇల్లు అమ్మకుండా ఇది కొంటే ఇంకో 40 వేలు. గ్రేడ్ టూ రక్షిత కట్టడం కాబట్టి కిటికీలు మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. వెనకటి యజమాని అనుమతి లేకుండా ఏదైనా మార్చి ఉంటే, దాన్ని సరిచేయమనే నోటీసు కొన్నవాడికే వస్తుంది. మరమ్మతుల మీద 20 శాతం వ్యాట్. గడ్డి ఇంటికి బీమా ఇచ్చేవాళ్లే తక్కువ. పొగ గొట్టం క్రమం తప్పకుండా శుభ్రం చేయించిన కాగితం అడుగుతారు. మట్టి గోడకి ఎవరైనా సిమెంట్ పూసి ఉంటే చెమ్మ లోపలే ఉండిపోయి గోడ పాడవుతుంది, అది గీకించి సున్నం పూయించాలి. పడమటి వాలు కొత్తగా కప్పించాలంటే పదుల వేలు. ఇవేవీ ప్రకటనలో లేవు. వెళ్లేవాళ్లు ఏజెంట్‌ని కాదు, ఆ చుట్టుపక్కల గడ్డి కప్పే పనివాణ్ణి రెండు గంటలకి మాట్లాడుకుని తీసుకెళ్లండి.

నన్నడిగితే అలాంటి ఇంట్లో రెండు రాత్రులు అద్దెకుండటం హాయి. కొనడం మాత్రం, కప్పుకి చాకిరీ చేయడం ఇష్టమైనవాళ్లకే. మూడో రాత్రి ఎక్సెటర్‌లో ఓ హోటల్లో పడుకున్నాం. ప్లాస్టిక్ వాసన, కానీ గుమ్మాలు ఎత్తు, తల తగల్లేదు.

నాన్న జూలైలో ఊరికి వెళ్లిపోయారు. పోయిన వారం మా ఆయన మళ్లీ ఫోన్ చూపించారు. ఆ ఇంటి ధర 35 వేల పౌండ్లు తగ్గించారు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో చెబితే నాన్న ఒక్కటే అడిగారు, "పడమటి వైపు మార్చారా, లేదా?"