సీడీ4 కౌంటా, వైరల్ లోడా? హెచ్‌ఐవీలో ఏ అంకెను పట్టించుకోవాలి

సీడీ4 అంటే ఒంటికి రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు, రక్తంలో అవి ఎన్నున్నాయో చెప్పేది సీడీ4 కౌంట్. పోయినసారి సీడీ4 620, ఈసారి 540. మందులు సరిగ్గా వేసుకుంటున్నవాళ్లకు కూడా ఈ తేడా చూడగానే టెన్షన్ మొదలవుతుంది, జబ్బు ముదురుతోందేమోనని. వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంటే ఆ 80 తేడాకు భయపడక్కర్లేదు. సీడీ4 పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, మామూలు జ్వరానికే తగ్గుతుంది.

వైరల్ లోడ్ అంటే మిల్లీలీటరు ప్లాస్మాలో వైరస్ ఎన్ని కాపీలుందో ఆ లెక్క. వైరస్ ఇప్పుడేం చేస్తోందో అది చెబుతుంది. ఇప్పటిదాకా జరిగిన నష్టం చెప్పేది సీడీ4.

అందుకే మందులు మొదలుపెట్టే రోజున నా ఓటు సీడీ4కే. ఇద్దరికీ వైరల్ లోడ్ లక్షే ఉందనుకోండి. ఒకరి సీడీ4 600, ఇంకొకరిది 40. రెండో మనిషి ప్రాణం ప్రమాదంలో ఉంది. సీడీ4 200 కన్నా తగ్గితే ఊపిరితిత్తులకు వచ్చే న్యుమోసిస్టిస్ న్యుమోనియా, మెదడు పొరలకు సోకే క్రిప్టోకోకల్ మెనింజైటిస్ లాంటివి పట్టుకుంటాయి. ఆ న్యుమోనియా రాకుండా కోట్రిమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇవ్వాలి, క్రిప్టోకోకస్ పరీక్ష చేయాలి. 2015 నుంచి సీడీ4 ఎంతున్నా చికిత్స మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కదా, ఇక ఆ పరీక్ష దేనికి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మొదటి రోజు ఆ అంకె తెలియకపోతే ఈ ముప్పు కనిపించనే కనిపించదు.

మందులు మొదలయ్యాక మాత్రం వైరల్ లోడే మేలు, అనుమానం లేదు. మందు పనిచేయడం మానేస్తే ముందు పెరిగేది వైరస్సే. సీడీ4 పడిపోవడానికి నెలలు పడుతుంది, ఈలోగా వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. చికిత్స మొదలైన 6 నెలలకు, 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి చేయించుకుంటే చాలు. 1000 దాటితే డోసులు ఎక్కడ తప్పుతున్నాయో నిజాయితీగా చూసుకుని, 3 నెలలకు మళ్లీ పరీక్ష. పైగా వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తక్కువగా కొనసాగుతుంటే సెక్స్ ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. సీడీ4 900 ఉన్నా ఆ భరోసా ఇవ్వలేదు.

కొన్ని రిపోర్టుల్లో సీడీ4, సీడీ8 నిష్పత్తి కూడా ఉంటుంది. వైరస్‌తో పోరాడే సీడీ8 కణాలు ఏళ్ల తరబడి ఉద్రేకంగానే ఉండిపోవడం వల్ల అది 1 కన్నా తక్కువే కనిపించవచ్చు. దాన్ని చూసి మందు మార్చరు.

వైరల్ లోడ్ అణిగినా సీడీ4 200 దాటనివాళ్లు కొందరుంటారు, ముఖ్యంగా చికిత్స ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు. వాళ్లకు రెండు పరీక్షలూ కావాలి. హెచ్‌ఐవీ మందు మార్చాల్సిన పని లేదు గానీ, టీబీ లాంటిదేమైనా దాక్కుని ఉందేమో వెతకాలి. డాక్టర్ ఆపమనేదాకా కోట్రిమోక్సజోల్ ఆపకూడదు.