ఐదువేళ్ల బూట్లు: ముందు జిమ్‌కి, ఆ తర్వాతే గ్రౌండ్‌కి

పని అంతా చిటికెన వేలు దగ్గరే ఆగుతుంది. ఒక్కో వేలికీ విడి అర ఉండే పల్చటి బూట్లు, వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్, మొదటిసారి తొడిగినప్పుడు మిగతా నాలుగు వేళ్లు ఎలాగో తమ అరల్లోకి దూరతాయి గానీ, చిన్నది మాత్రం పక్కవేలి అరలోనే ఇరుక్కుంటానని మొండికేస్తుంది. గుంజితే కుట్టు పోతుంది. పట్టీ మొత్తం వదులు చేసి, మడమ బయటే ఉంచి, బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ సర్దాలి. పాదం నేలకు ఆనించి వేళ్లు విప్పాక చివర్న మడమ ఎక్కించాలి. మొదటి వారం జతకు ఐదు నిమిషాలు పడుతుంది, అలవాటయ్యాక ఒక్క నిమిషం.

సైజు దగ్గర తప్పితే తర్వాత ఏం చేసినా దండగే. మామూలు బూట్లలాగా ముందు బొటనవేలంత ఖాళీ వదలకూడదు. ఖాళీ ఉంటే అర కొస మడత పడి, మెట్టు ఎక్కేటప్పుడు తట్టుకుంటుంది. సాయంత్రం పూట, పాదం కాస్త సాగి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి మడమను గోడకు ఆనించి, పొడుగైన వేలి కొస దాకా సెంటీమీటర్లలో కొలవండి. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకుని, కంపెనీ పట్టికతో సరిచూడండి. రెండో వేలు బొటనవేలి కంటే బాగా పొడుగున్నవాళ్లకూ, వేళ్ల మధ్య చర్మం కలిసున్నవాళ్లకూ ఈ అరలు కుదరవు. వరంగల్‌లో వేసి చూసి కొనే వీలు తక్కువ, ఎక్కువమంది ఆన్‌లైన్లోనే తెప్పించుకుంటారు. కాబట్టి వాపసు తీసుకునే చోటే కొనండి. కార్పెట్ మీద తొడిగి చూసుకోండి, అట్ట (బూటు అడుగు) మురికైతే వాపసు కష్టం.

జిమ్‌లో దీనికి వంక పెట్టలేం. మామూలు రన్నింగ్ షూలో మడమ కింద మెత్తటి నురగ ముప్పై మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు ఎత్తడం), స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం) చేసేటప్పుడు అది అణిగి పాదం ఊగుతుంది. ఇందులో మడమ, ముంగాలు ఒకే ఎత్తులో ఉంటాయి, కింద నేల గట్టిగా తగులుతుంది. ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచే లంజెస్‌లో వెనకకాలి వేళ్లు నిండుగా వంగుతాయి. ఒంటికాలి మీద నిలబడితే ఏ వేలు పని చేస్తుందో, ఏది బద్ధకిస్తుందో తెలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: బరువు ప్లేటు జారి పాదం మీద పడితే కాపాడేందుకు పైన పల్చటి గుడ్డే.

పరుగు సంగతి వేరు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మనకు దమ్ము ఉంటుంది, గుండె బాగానే కొట్టుకుంటుంది, కానీ పిక్కలకూ పాదం ఎముకలకూ ఈ బరువు కొత్త. అమెరికాలో జరిపి 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పది వారాల్లో వీటికి మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్టు ఎమ్మారైలో కనబడింది. పాదాలు బలపడతాయి, గాయాలు తగ్గుతాయి అని చేసిన ప్రచారం మీద పడిన దావాను కూడా కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. ప్రచారం మాటలు పక్కన పెట్టి వస్తువును చూస్తే, పనిముట్టు మంచిదే. తొందరే చెడ్డది.

మొదటి రెండు వారాలు వీటితో పరుగు వద్దు. రోజూ 20-30 నిమిషాల నడక, మునివేళ్ల మీద 15 సార్లు చొప్పున రెండు మూడు విడతలు లేవడం, అంతే. మూడో వారం నుంచి దినం తప్పించి దినం 400 మీటర్లు, కాళ్లు అలసిపోకముందే. మిగతా దూరం పాత బూట్లతో పూర్తి చేయండి. వారానికి 200 నుంచి 400 మీటర్లు మాత్రమే పెంచండి. అడుగు చిన్నదిగా పడాలి: కుడికాలు అర నిమిషంలో 43-45 సార్లు నేల తాకితే సరిపోతుంది. పాదం టపటపా చప్పుడు చేస్తే అడుగు మరీ ముందుకు పడుతున్నట్టు. మునివేళ్ల మీదే తేలిపోతూ పరుగెత్తడం ఇంకో పొరపాటు. ముంగాలు తగిలాక మడమ కూడా నేలను ముట్టుకోవాలి, లేదంటే మడమ వెనక స్నాయువు (పిక్కను మడమకు కలిపేది) పట్టేస్తుంది.

పిక్క నొప్పి రెండు రోజుల్లో తగ్గితే మామూలే. పాదం పైభాగంలో, రెండో మూడో వేలి వెనక ఎముక మీద, ఒకే వేలితో చూపించగలిగే చోట నొక్కితే నొప్పి పుడితే మాత్రం ఆపేయండి. ఎముకలో సన్న పగులు మొదట్లో ఎక్స్‌రేలో తరచూ కనబడదు. ఫిలిం బాగుందని మళ్లీ పరుగెత్తి మంచం పట్టొద్దు. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు వీటి జోలికే పోవద్దు.

ఊళ్లో నేల ఎంచుకోవడం కూడా పనే. హనుమకొండ జేఎన్ స్టేడియం సింథటిక్ ట్రాక్ మొదలుపెట్టడానికి మంచిది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ మట్టి ఇంకా నయం, పాదం నేలను చదువుకుంటుంది. భద్రకాళి బండ్ మీద గట్టి నేల కాబట్టి అడుగులు కుదిరాకే. ఖిలా వరంగల్ మట్టికోట వైపు, ఊరి అంచు బీళ్లల్లో పల్లేరుగాయలు అట్టకు గుచ్చుకుంటే చాలావరకు లోపలికి దిగవు గానీ, సర్కారు తుమ్మ ముల్లు దిగుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల రబ్బరు దాన్ని ఆపలేదు. కంకర మీద కాలి కింద పడ్డ ప్రతి రాయీ తెలుస్తుంది. ఎండాకాలం పొద్దున ఎనిమిది దాటాక తారు వేడి నేరుగా అరికాలికి తగులుతుంది.

వాసన ఎవరూ చెప్పరు, చెప్పాల్సింది అదే. మేజోళ్లు లేకుండా నాలుగు రోజులు వేస్తే గదిలో పెట్టలేం. వేళ్ల మేజోళ్లు విడిగా దొరుకుతాయి, వాటితో కలిపితే సైజు బిగువవుతుంది, అది ముందే చూసుకోండి. చల్లటి నీళ్లలో కొద్దిగా సబ్బుపొడి వేసి, ఒక్కో వేలి అరను పాత టూత్‌బ్రష్‌తో లోపలి నుంచి రుద్ది, నీడలో ఆరేయండి. ఎండలో, హీటర్ ముందు పెడితే అట్ట జిగురు విడుతుంది. వర్షాకాలం రెండు రోజులైనా వేలి కొసల్లో తడి మిగిలే ఉంటుంది. న్యూస్ పేపర్ ఉండలు చేసి ఒక్కో అరలో కుక్కి, రాత్రికి రాత్రి ఒకసారి మారిస్తే తెల్లారేసరికి ఆరతాయి.