నాటకం తెరకెక్కినప్పుడు: ‘బ్లాక్‌మెయిల్’ మేలా, ‘జూనో అండ్ ది పేకాక్’ మేలా?

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ టాకీల తొలినాళ్లలో తీసిన ఈ రెండు చిత్రాలూ నాటకశాల నుంచి వచ్చినవే. 1929 నాటి ‘బ్లాక్‌మెయిల్’కు చార్లెస్ బెన్నెట్ నాటకం, 1930 నాటి ‘జూనో అండ్ ది పేకాక్’కు షాన్ ఓకేసీ నాటకం ఆధారం. రెండింటినీ అప్పటి విమర్శకులు మెచ్చుకున్నారు. అయితే ఆ మెప్పు దేనికి దక్కిందో విడదీసి చూడాలి.

‘జూనో’ కథ 1922 నాటి ఐర్లాండ్ అంతర్యుద్ధ కాలపు డబ్లిన్‌లో, ఒక పేద కుటుంబం ఉండే ఇరుకు వాటాలో జరుగుతుంది. 1924లో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో, ఆ ఇంటి తల్లి జూనోగా నటించిన శారా ఆల్‌గుడ్ తెర మీద కూడా ఆ పాత్ర ధరించింది. ఓకేసీ సంభాషణలు చాలావరకు చెక్కుచెదరలేదు. ఐర్లాండ్‌లోని లిమరిక్‌లో కొందరు ఆగ్రహించి రీళ్లను వీధిలో తగలబెట్టినా, లండన్ పత్రికలు మాత్రం ఆదరించాయి. ఆ ప్రశంసలకు తాను సిగ్గుపడ్డానని, అవి సినిమా కళకు సంబంధించినవి కావని, ఇతరుల సొత్తు కాజేసినట్లు అనిపించిందని హిచ్‌కాక్ తరువాత ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో చెప్పాడు. ఆ మాట నిజాయితీగా అన్నదేనని నేను నమ్ముతున్నాను, కానీ అందులో కొంత అన్యాయం కూడా ఉంది. ఇంట్లో అందరూ కబుర్లాడుకుంటుండగా, బయటి అలికిడికి లోలోపల వణికిపోతున్న జూనో కొడుకు జానీ ముఖం వైపు కెమెరా మెల్లగా కదిలే దృశ్యం నాటకశాలలో దొరకదు.

‘బ్లాక్‌మెయిల్’ మూకీగా మొదలై, మధ్యలో టాకీగా మారింది. కథానాయిక ఆనీ ఓండ్రా ఉచ్చారణ విదేశీయంగా ఉండటంతో, కెమెరాకు కనబడకుండా జోన్ బారీ మాటలు పలికితే ఆమె పెదవులు కదిపింది. ఇన్ని చిక్కుల నడుమ కూడా హిచ్‌కాక్ శబ్దాన్ని కేవలం సంభాషణ వినిపించడానికే వాడుకోలేదు. ఆత్మరక్షణలో ఒకడిని కత్తితో పొడిచిన అమ్మాయి మరునాటి ఉదయం ఫలహారానికి కూర్చున్నప్పుడు, పొరుగావిడ మాటలన్నీ అస్పష్టంగా కలిసిపోయి ‘కత్తి’ అన్న ఒక్క పదమే పదేపదే తగులుతుంది. సరిగ్గా అప్పుడే తండ్రి రొట్టె కోయమంటాడు, ఆమె చేతిలోని కత్తి ఎగిరిపడుతుంది. ఆమె చెవులతో మనం వింటాం. ఈ చిత్రానికి వచ్చిన మెప్పు దర్శకుడికి న్యాయంగా చెందుతుంది.

ఓకేసీ మాటల బలాన్ని, శారా ఆల్‌గుడ్ నటనను చూడదలచినవారికి ‘జూనో’ ఇప్పటికీ విలువైన పత్రమే. నాటకాన్ని సినిమాగా ఎలా మలచాలో తెలుసుకోదలచినవారు మాత్రం ‘బ్లాక్‌మెయిల్’నే ఎంచుకోవాలి.