పాపకు రిఫ్లక్స్ జెల్ ఇంజెక్షన్: ఆరేళ్ల తర్వాత

మా అమ్మాయికి నాలుగో ఏట ఎడమవైపు గ్రేడ్ 3 (తీవ్రతలో ఐదింటికి మూడు) రిఫ్లక్స్‌కి, అంటే మూత్రం మూత్రాశయం నుంచి కిడ్నీ వైపు వెనక్కి పోయే సమస్యకి, జెల్ ఇంజెక్షన్ చేయించాం. కోత లేదు, కుట్లు లేవు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. మూడు నెలలకు తీసిన ఎమ్‌సీయూలో (మూత్రం పోసేటప్పుడు తీసే ఎక్స్‌రే పరీక్ష) మూత్రం వెనక్కి పోవడం లేదు. అప్పట్లో ఎవరు అడిగినా కళ్లు మూసుకుని చేయించేయండి అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

పోయిన సంక్రాంతికి విజయవాడలో మా అమ్మ ఇంట్లో ఉండగా పిల్లకు కడుపునొప్పి, వాంతులు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో స్కాన్ తీసి, ఎడమ యూరేటర్ (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం) చివర, సరిగ్గా మూత్రాశయంలోకి దిగే చోట 8 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. దానంతటది పడదు, రేపే లేజర్‌తో తీసేద్దాం, అడ్వాన్సు కట్టమన్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంజెక్షన్ సంగతి నేను వాళ్లకు చెప్పనేలేదు. ఎప్పుడో ఆరేళ్ల కిందటిది, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

ఆ రాత్రి హైదరాబాద్‌లో మా ఆయన బీరువా అంతా వెతికి పాత డిశ్చార్జి సమ్మరీ వాట్సాప్‌లో పంపారు. అప్పటి పిల్లల యూరాలజిస్టుకు ఫోన్ చేస్తే, "ఆగండమ్మా, మేం జెల్ పెట్టిన చోటే అది. కిడ్నీ ఏమైనా ఉబ్బిందా?" అని అడిగారు. ఉబ్బలేదు. మర్నాడు డాప్లర్ (లోపలి ప్రవాహాన్ని రంగుల్లో చూపే స్కాన్) చేయించాం. పిల్లచేత నీళ్లు బాగా తాగించి పడుకోబెట్టారు. తెరమీద మూత్రాశయం నల్లగా ఉంది, అడుగున ఒక తెల్లటి గడ్డ. కాసేపటికి ఆ గడ్డ పక్కనుంచే ఎర్రటి ధార ఒకటి చివ్వున చిమ్మింది. "ఇదుగోనమ్మా, మూత్రం దిగుతోంది, అడ్డేం లేదు" అన్నారు స్కాన్ డాక్టరు. ఇంకోసారి చూపించమని అడిగి మరీ చూశాను. అది రాయి కాదు, గట్టిపడిన జెల్. కడుపునొప్పి దేనివల్లో గానీ రెండు రోజుల్లో తగ్గిపోయింది.

తర్వాత తీరిగ్గా అడిగి తెలుసుకున్నాను. జెల్‌లోని హయాలురోనిక్ యాసిడ్ కొన్నాళ్లకు కరిగిపోతుంది. అందులోనే ఉండే డెక్స్‌ట్రానోమర్ అనే పదార్థపు చిన్న పూసలు మాత్రం అక్కడే ఉండిపోయి, చుట్టూ కణజాలం పెరుగుతుంది. కొందరిలో ఏళ్లు గడిచాక దానికి కాల్షియం పట్టి అచ్చం రాయిలాగే కనిపిస్తుంది. అరుదుగా యూరేటర్ నిజంగానే, అదీ నొప్పేమీ తెలియకుండానే మూసుకుపోయి, మూత్రం దిగడానికి స్టెంటు (సన్నటి గొట్టం) వేయాల్సి రావచ్చు. ఈ జెల్‌కు అమెరికాలో 2001లోనే అనుమతి వచ్చింది, ఇలా గట్టిపడటం డాక్టర్లకు కొత్త కాదు. డిశ్చార్జి రోజు మందుల గురించి అంతసేపు చెప్పినవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పలేదు. నా కోపమంతా అక్కడే. చెప్పి ఉంటే నా పిల్లను లేజర్ దాకా తీసుకెళ్లేవాళ్లం కాదు.

మళ్లీ చేయిస్తావా అంటే, మా పాప వరకు చేయిస్తాననే అంటాను. మాది ఒకవైపే, ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోయింది, ఆ తర్వాత జ్వరంతో యూరిన్ ఇన్ఫెక్షన్ రాలేదు. గ్రేడ్ 5 అయినా, స్కాన్‌లకు తిప్పలేని ఊళ్లో ఉన్నా ఏం చేసేదాన్నో చెప్పలేను. సమ్మరీ ఫోటో ఇప్పుడు మా ఇద్దరి ఫోన్లలో, అమ్మ ఫోన్లో కూడా ఉంది. దానిమీద ఎర్ర పెన్నుతో "ఎడమవైపు జెల్ ఉంది" అని పెద్దక్షరాలతో రాశాను.