ఇంటి దగ్గర కార్ వాష్‌కు కొత్త పోటీ: రేటు తగ్గించాలా, అపార్ట్‌మెంట్లు పట్టాలా, పని రకం మార్చాలా? ఏది మేలు?

హైదరాబాద్‌లో కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల వైపు ఇంటికొచ్చి కార్లు కడిగేవాళ్లకు కొదవ లేదు. మీ కాలనీలోకే ఒకరు దిగి వంద తక్కువకు చేస్తామంటే ముందు తోచేది మనమూ తగ్గిద్దామని. ఆ పని చేసేముందు లెక్క చూడండి.

ఫోమ్ వాష్, లోపల వాక్యూమ్ కలిపి 500 తీసుకుంటూ, హెల్పర్‌తో రోజుకు నాలుగు కార్లు చేస్తున్నారనుకుందాం. పెట్రోలు, షాంపూ, గుడ్డల అరుగుదల కారుకు 130. హెల్పర్ కూలి రోజుకు 700. మీకు మిగిలేది 780. రేటు 400 చేస్తే అవే నాలుగు కార్లకు 380 మిగులుతుంది. పాత 780 రావాలంటే ఆరు కార్లు కడగాలి. కారుకు గంటంపావు, ఒక్కో కారు దగ్గరికి చేరడానికి ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు వేసుకుంటే పదకొండున్నర గంటలు, భోజనం కాకుండానే. అలసిన చేతులు అడ్డదారులు వెతుకుతాయి: చక్రాలు తోమిన బకెట్‌లోనే మిట్ (కడిగే తొడుగు) ముంచి బానెట్ రుద్దుతారు. ఇసుక రేణువులు పెయింట్‌ను గీస్తాయి. నల్ల కారైతే ఎండలో సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. ఆ కస్టమర్ మళ్లీ పిలవడు. తగ్గించక తప్పదంటే బేరం లేని మంగళ, బుధవారాలకే తగ్గించండి.

అపార్ట్‌మెంట్ నెలవారీ ఒప్పందం ఇంతకన్నా చాలా మేలు, ఎందుకంటే తిరుగుడు ఉండదు. ఒకే సెల్లార్‌లో ఉదయం ఐదున్నర నుంచి ఐదారు కార్లు అయిపోతాయి. రోజూ దుమ్ము తుడిచే కుర్రాడితో పోటీ పడకండి, నెలకు రెండు పూర్తి వాష్‌లు అమ్మండి. సెల్లార్‌లో నీళ్లు పారితే లిఫ్ట్ గుంతలోకి దిగుతాయి, అసోసియేషన్ మర్నాడే ఆపేస్తుంది. అందుకే రిన్స్‌లెస్ వాష్ (పైన నీళ్లు పోసి కడగక్కర్లేని ద్రావణం) వాడాలి: 1:256 కలిపే రకమైతే ఎనిమిది లీటర్ల నీళ్లకు 30 మి.లీ. చాలు. ముందు స్ప్రే చేసి ఒకటి రెండు నిమిషాలు నాననివ్వండి, ఒక్కో ప్యానెల్‌కు గుడ్డ కొత్త మడత తిప్పండి. వానాకాలంలో గట్టిగా పట్టిన బురదకు మాత్రం ఇది పనికిరాదు, ముందు నీళ్లతో కొట్టాల్సిందే. బోరు నీళ్లు ఎక్కువచోట్ల ఉప్పగా ఉంటాయి కాబట్టి తుడవకుండా ఎండలోకి వదిలితే అద్దాల మీద తెల్ల మచ్చలు దిగుతాయి. డబ్బులు నెల మొదట్లోనే యూపీఐలో తీసుకోండి. నెలాఖరున అడిగితే "ఊరెళ్లాం, ఒక వాష్ తగ్గించండి అన్నా" అంటారు.

అసలు బలం మాత్రం లోపలి డీప్ క్లీనింగ్‌లోనే ఉంది. ముప్పావు గంటకో కారు పూర్తి చేసి పరుగెత్తేవాళ్లు మూడు గంటల పనిలోకి రారు. సీట్లు ముందుకీ వెనక్కీ జరిపి, సీటు జరిగే పట్టాల సందుల్లో సన్న మూతితో వాక్యూమ్ చేయాలి. ఆల్ పర్పస్ క్లీనర్‌ను సీసా మీద వేరే కొలత లేకపోతే 1:10 కలిపి, కనిపించని మూల పరీక్షించి, మెత్తని బ్రష్‌తో నురగ తెప్పించి, ఎక్స్‌ట్రాక్టర్‌తో (తడిని, మురికిని పీల్చే మెషిన్‌తో) లాగేయాలి. ఎక్కువమంది చెడగొట్టేది నీళ్లతోనే. సీటులోని స్పాంజి తడిసిపోతే పైపైన ఆరినట్టే ఉంటుంది, రెండోరోజు ముక్కిన వాసన. లాగిన తర్వాత రెండుసార్లు నీళ్లు లేకుండా లాగండి, తలుపులు తెరిచి ఫ్యాన్ పెట్టండి, వానాకాలంలో నాలుగు గంటలైనా ఆగండి. పైకప్పు గుడ్డ మీద నేరుగా స్ప్రే చేస్తే జిగురు వదిలి వేలాడుతుంది, కాబట్టి క్లీనర్‌ను తుడిచే గుడ్డకే కొట్టాలి. ముందు సీట్ల కింది పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వైర్లవి. వాటిని తడపకూడదు, ఊడదీయకూడదు. స్టీరింగ్‌కు, పెడళ్లకు పాలిష్ పూయడం ప్రాణాంతకం, కస్టమర్ అడిగినా వద్దనండి.

ఒక హెల్పర్‌తో నడిచే బండికి మా సలహా: ఉదయం అపార్ట్‌మెంట్, మధ్యాహ్నం ఒక ఇంటీరియర్. పాత కస్టమర్ "సార్, వాళ్లు 400కే చేస్తున్నారు కదా" అంటే రేటు దించకుండా, ఆయన కళ్లముందే డ్రైవర్ సీటు ఒక్కటి శుభ్రం చేసి బకెట్‌లోకి దిగిన నల్లనీళ్లు చూపించండి.

సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టిపడే రక్షణ పూత) జోలికి ఇంటి ముందు వెళ్లకండి. దుమ్ము పడని షెడ్, మంచి లైటింగ్, కోటింగ్ గట్టిపడేదాకా తడి తగలని చోటు కావాలి. అవి లేకుండా పూస్తే దుమ్ము కోటింగ్ కిందే ఉండిపోతుంది, తీయాలంటే మళ్లీ పాలిష్ పట్టాలి. అడిగినవారికి కొన్ని వారాలుండే స్ప్రే సీలెంట్ (స్ప్రే చేసి తుడిచే పూత) చేసి, ఎన్నాళ్లుంటుందో బిల్లు మీద రాసివ్వండి.