అంకుడు పాపరు, అండమాన్ పార: మూడు రోజుల బోటు ట్రిప్పు మీద నా మాట

ఫిబ్రవరి రెండో వారంలో పోర్ట్ బ్లెయిర్ నుంచి మూడు రోజులు గాలం వేటకి వెళ్లొచ్చాను. కాగితాల మీద ఇప్పుడు శ్రీ విజయపురం అని రాస్తున్నారు గానీ, జెట్టీ దగ్గర ఎవరి నోట విన్నా పోర్ట్ బ్లెయిరే. నలుగురం కలిసి బోటు మాట్లాడుకున్నాం. రోజుకి 36 వేలు, డీజిలూ మధ్యాహ్నం భోజనమూ అందులోనే. రాడ్డు, రీలు అద్దె వేరే. నాది గాజువాక ఆటోనగర్‌లో లేతు పని. పట్టుకెళ్లిన పాపర్లు నా చేత్తో తిప్పుకున్నవే. కాబట్టి బోటు ఎలా ఉందో, ఆ చెక్క ఎలా నిలబడిందో రెండూ చెబుతాను.

తీర్పు ముందే చెప్పేస్తున్నాను. బోటు నడిపే సరంగు కోసమైతే ఆ బోటుకి ఇచ్చిన ప్రతి రూపాయీ గిట్టింది. అద్దె రాడ్డుకి ఇచ్చింది మాత్రం నీళ్లలో పోసినట్టే.

పాపరు అంటే తెలియని వాళ్లకి రెండు ముక్కలు. జానెడు పొడవున్న చెక్క చేప అనుకోండి. నోటి దగ్గర గుంట గరిటెలా తొలిచి ఉంటుంది. విసిరి, రాడ్డుతో ఒక్క ఊపు లాగితే ఆ గుంట నీటిని పట్టి ముందుకి తోస్తుంది. బావిలో బిందె పడ్డట్టు గుభేలుమని చప్పుడు, వెనకాల తెల్లగా నురగ. ఆ చప్పుడుకి పగడపు దిబ్బ అంచున కాపు కాసే పార పైకొస్తుంది. మన రేవులో పార అంటే అరకిలో, కిలో చేపలే గుర్తొస్తాయి. అదే కులంలో అన్నిటికన్నా పెద్దదాన్ని గాలం వేసేవాళ్లు జీటీ, అంటే జెయింట్ ట్రెవల్లీ అంటారు. గాలానికి పడిన వాటిలో పెద్దది 2006లో జపాన్‌లో తేలింది, 72.8 కిలోలు. నాకు పడింది దానికి మూడో వంతు. ఆ మూడో వంతుకే నా మోచేతులు నాలుగు రోజులు పైకి లేవలేదు.

ఇప్పుడు చెక్క సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను ఎనిమిది నెలలు కూర్చున్నాను.

బయట కొనే మంచి పాపరు ఒక్కోటి మూడు నాలుగు వేలు. ఒకటి రాయికి తగులుకుని తెగిపోయిందంటే ప్రాణం ఉసూరుమంటుంది. మనకి ఏటికొప్పాక పక్కనే ఉంది కదా అని బయల్దేరాను. వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రని తిప్పి లక్క పూసి బొమ్మలు చేసే ఊరు. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన నా బొమ్మ గీసిన కాగితం చూసి, "ఇది తిరిగే బొమ్మా, తేలే బొమ్మా?" అని అడిగారు. తేలేదే అన్నాను. "అయితే బాగా ఆరిన కర్ర కావాలి నాయనా, పచ్చిది తేలదు, పైగా పగులుతుంది" అని ఆరబెట్టిన ముక్కలు ఏరి ఇచ్చారు. ఆయన ఏరిచ్చిన పన్నెండింటిలో ఒక్కటీ పగల్లేదు.

పోల్చి చూద్దామని కొండపల్లి బొమ్మల పొణికి కర్ర కూడా తెప్పించాను. పొణికి దూదిలా తేలిక. చెక్కడానికి హాయిగా ఉంటుంది గానీ, 17 సెంటీమీటర్ల పాపరుకి తోకలో 60 గ్రాముల సీసం పోస్తే గాని సరిగా కూర్చోలేదు. పైగా గోరుతో నొక్కితే గుంట పడుతుంది. అంకుడు అలా కాదు. నున్నగా, సన్నని పొరతో, గట్టిగా ఉంటుంది. అదే సైజుకి 12 గ్రాముల సీసం సరిపోయింది, మొత్తం బరువు 150 గ్రాములు. ఉప్పు నీళ్ల బకెట్లో వేస్తే తోక కిందికి దిగి, నోరు మాత్రం నీటి మీదికి తెరుచుకుని నిలబడింది. పాపరు అలాగే కూర్చోవాలి. మంచినీళ్లలో చూసి సీసం పోస్తే లెక్క తప్పుతుంది, సముద్రపు నీళ్లు ఇంకొంచెం పైకి తేలుస్తాయి. మొదటి రెండూ నేను అలాగే పాడుచేశాను.

లోపల ఈ చివర నుంచి ఆ చివరకి బెజ్జం వేసి 1.6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ దూర్చాను, 316 రకం. చేప బరువంతా ఆ తీగ మీదే పడాలి, చెక్క మీద పడకూడదు. చెక్క రెండు ముక్కలైనా చేప తీగకే ఉంటుంది. తీగ చివర్లు మెలితిప్పి, షెడ్డు దూలానికి కట్టి, కింద 40 కిలోల గేరు బాక్సు వేలాడదీశాను. ఒక పూటంతా వేలాడినా మెలిక ఒక్క చుట్టు కూడా వదల్లేదు.

లక్క దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. లేతు తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనించినప్పుడు రాపిడి వేడికి కరిగి చెక్కకి పట్టే ఆ మెరుపు చూస్తే, దాని మీద ఇంకేదీ పూయబుద్ధి కాదు. కానీ ఒక రాత్రి నీళ్లలో ఉంచితే తెల్లారేసరికి పాలిపోయి బూజు పట్టినట్టు అయింది. పైన ఎపాక్సీ పూత వేసి పట్టుకెళ్లాను. రెండో రోజుకి హుక్కు రాసుకునే చోట ఆ పూత పొలుసులా లేచింది, కింద లక్క నునుపుకి దానికి పట్టు దొరకలేదు. బొమ్మకి లక్క ప్రాణం, పాపరుకి పనికిరాదు. ఇప్పుడు చెక్కకే రంగు పట్టించి, సీలరు ఇంకనిచ్చి, ఆ పైన రెండు పొరలు ఎపాక్సీ వేస్తున్నాను.

ఇక బోటు. సరంగుది జంగ్లీఘాట్. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. అక్కడ మన మత్స్యకారుల ఇళ్లు చాలా ఉన్నాయి, వీధిలో నడుస్తుంటే కళింగపట్నంలో నడిచినట్టే ఉంటుంది. నేను తెలుగులో పలకరించగానే, "ఏటి బావూ, వైజాగా?" అన్నాడు. ఆ మూడు రోజులూ నేను ఆయనకి బావునే, ఆయన నాకు అన్నయ్య.

మొదటి రోజు అందరం ఎడాపెడా విసిరాం. ఆయన రెండు గంటలు ఏమీ అనలేదు. తర్వాత ఇంజను ఆపి నా పక్కన నిలబడ్డాడు. "బావూ, అటు కాదు. నీరు రాయిని గుద్దే పక్క సూడు. అదీ పార కాపు కాసేది. రాయి ఎనకాల ఎంత ఇసిరినా దండగే." చూపించిన చోట నీళ్లు కుండలో పప్పు ఉడికినట్టు కుతకుతలాడుతున్నాయి. పదడుగుల అవతల అద్దంలా ఉన్నాయి. నాకు అంతవరకు రెండూ ఒకేలా కనిపించాయి. పోటు మీద నీరు దిబ్బని ఒక పక్క నుంచి గుద్దితే, పాటు మీద రెండో పక్క నుంచి గుద్దుతుంది. చిన్న చేపలు ఆ ఒరిపిడికి తట్టుకోలేక చెల్లాచెదురవుతాయి, పార అక్కడే పొంచి ఉంటుంది. అందుకని ఆయన దిబ్బకి ఎగువన బోటు తెచ్చి, ఇంజను ఆపేసి, నీటి వాలుకి అరవై అడుగుల దూరంలో దాటిపోయేలా వదిలేవాడు. దాటాక మళ్లీ చుట్టూ తిప్పి ఎగువకి. రోజుకి ముప్పై సార్లు అలా తిప్పాడేమో, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

జీపీఎస్ ఉంది, అయినా కొండ గుర్తులు చూస్తూనే ఉంటాడు. మన వైపు డాల్ఫిన్ నోస్‌నీ వెనకాల కొండల్నీ కలిపి చూసి రాళ్లు ఎక్కడున్నాయో చెప్పే ముసలివాళ్లు ఉన్నారు కదా, అదే విద్య. తండ్రి నేర్పిన గుర్తులు కొన్ని 2004 సునామీ తర్వాత మారిపోయాయట. ఆ భూకంపానికి ఉత్తర అండమాన్ వైపు దిబ్బలు నీళ్ల పైకి లేచాయి, పోర్ట్ బ్లెయిర్ వైపు నేల కిందికి కుంగింది. "అయ్య సూపిన రాయి మీద ఇప్పుడు నీరు ఎక్కువ. నాను కొత్తగా ఎతుక్కున్నాను" అన్నాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లు ఆ రాయి వైపే ఉన్నాయి.

మూడో రోజు మాలో ఇద్దరు ఇన్విజిబుల్ బ్యాంకుకి పోదామని పట్టుబట్టారు. ఆగ్నేయంగా దాదాపు వంద కిలోమీటర్లు, నడి సముద్రంలో నీళ్ల కింద దాగిన దిబ్బ. పెద్ద పళ్ల ట్యూనా అక్కడ దొరుకుతుందని పేరు. తెల్లవారి గాలి చూసి సరంగు రానన్నాడు. ఎక్కువ డబ్బిస్తామన్నా రానన్నాడు. వాళ్లు మధ్యాహ్నం దాకా ముఖం ముడుచుకున్నారు. పదకొండు గంటలకి అలల తలలు తెల్లబడ్డాయి. సిక్కోలు సముద్రంలో మా చిన్నాన్న బోటు తిరగబడ్డ రోజు నాకు తెలుసు. డబ్బు చూపించినా వద్దన్న సరంగు దొరకడం నాకు ఆ ట్రిప్పులో అన్నిటికన్నా పెద్ద భరోసా.

దక్షిణాన దీవుల మధ్య ఉన్న డంకన్ పాసేజ్ వైపే తిరిగాం. నేషనల్ పార్కు హద్దులు ఎక్కడెక్కడున్నాయో ముందే చెప్పాడు. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ పార్కులో గాలం తియ్యనివ్వలేదు. మత్స్యశాఖ అనుమతి కాగితం అడిగితే వెంటనే చూపించాడు. మీరు ఏ బోటు ఎక్కినా ఈ కాగితం అడగండి.

ఇక ఆ రాడ్డు. బరువైన రాడ్డు నాకు లేదు, బోటు మాట్లాడిపెట్టిన ఏజెంటు దగ్గరే రోజుకి రెండు వేలకి తీసుకున్నాను. రీలు బాగుంది, షిమానో సరగోసా 20000, చక్కగా లాగింది. రెండో రోజు పదిన్నరకి నా ఎరుపు పాపరు మీద మొదటి పార పడింది. నీళ్లు బద్దలైనట్టు చప్పుడు, పాపరు లేదు. మొదటి పరుగుకి నిలబడ్డాను, రెండో పరుగుకీ నిలబడ్డాను. మూడోసారి దిబ్బ వైపు తిరిగింది, టప్‌మని దారం తేలిపోయింది. లాగి చూస్తే లీడరు (పాపరుకి ముందు కట్టే మందపు దారం) ముడి దగ్గర తెగలేదు, నడుమ దారం పోగులు పోగులుగా చీలి ఉంది. రాడ్డు కొసన ఉన్న రింగు లోపల సిరామిక్ పగిలి ఉంది, వెంట్రుకంత గీత. కంటికి ఆనదు. ఆ గీత మీద బరువుతో దారం పరుగెడితే కత్తి మీద లాగినట్టే. చేప పోయింది. నా పాపరు దాని నోట్లోనే పోయింది, అది నాకు ఇంకా బాధ. హుక్కుల ముల్లు ముందే నొక్కేసి ఉంచాను కాబట్టి విదిలించుకుని ఉంటుందని ఆశ.

ఏజెంటుకి చూపిస్తే "మీరే ఎక్కడో తగిలించి ఉంటారు" అని, రింగు డబ్బు కూడా కట్టించుకున్నాడు. సరంగు నా తరఫున మాట్లాడాడు, అయినా లాభం లేకపోయింది. అద్దె రాడ్డు చేతికి తీసుకోగానే చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ప్రతి రింగు లోపలా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడ పగులున్నా దూది పోగు పట్టుకుంటుంది. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున తొందరలో చూడలేదు. సాయంత్రం అన్ని రాడ్లూ చూశాను, ఇంకో దానికీ పగులు ఉంది. లైఫ్ జాకెట్లలో రెండింటికి జిప్పులు పడవు, అదీ సరిచేసుకోవాలి.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి, పాటు మొదలయ్యాక, ఒక తోటివాడి రాడ్డు అడిగి తీసుకున్నాను. పూత పొలుసు లేచిన రెండో పాపరే వేశాను. రెండు ఊపులు లాగి ఆపాను. ఆపినప్పుడే కొడుతుందని సరంగు మూడు రోజులుగా చెబుతున్నాడు, అలాగే కొట్టింది. ఆయన ఇంజను స్టార్టు చేసి చేపని దిబ్బ నుంచి లోతు వైపుకి లాగాడు. అది చెయ్యకపోతే మళ్లీ రాయికి దారం కోసుకుపోయేది. పదిహేను నిమిషాలు పట్టింది. బోటు పక్కకి వచ్చాక చూస్తే వెండి మీద బూడిద చల్లినట్టు నల్లటి చుక్కలు, కోపంగా ముందుకి పొడుచుకొచ్చిన దవడ. తోక మొదలు వరకు 112 సెంటీమీటర్లు, దాదాపు 25 కిలోలు ఉంటుందని ఆయన లెక్క. తడి చేత్తో తోక మొదలు పట్టుకుని, తల నీటి వాలుకి ఎదురుగా పెట్టి నిమిషం సేపు ఉంచాను. నా చేతిలోనే బలం పుంజుకుని ఒక్క విదిలింపుతో పోయింది.

కూర వండుకోవచ్చు కదా అని ఇంటికొచ్చాక చాలామంది అడిగారు. పగడపు దిబ్బల మీద పెరిగిన పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం పేరుకునే ప్రమాదం ఉంది, ఉడికించినా పోదు. అది లేకపోయినా అంత చేపని నేను చంపను. అంతగా పెరగడానికి దానికి ఏళ్లు పట్టింది. తినడానికి మాకు రోజూ వంజరం ఉంది. బోటులో వెనకాల గ్యాసు పొయ్యి మీద సరంగు బావమరిది చింతపండు పులుసు పెట్టేవాడు, మెంతులు వేయించి పొడి కొట్టి, దించే ముందు చల్లి. మా అమ్మ తర్వాత అంత పులుసు నేను తినలేదు.

ఆ అంకుడు పాపరు ఇప్పుడు నా లేతు పక్కన ఉంది. మెడ దగ్గర నాలుగు చోట్ల నొక్కులు పడ్డాయి, చెక్క పగల్లేదు, తీగ వంగలేదు. పొణికిది మొదటి రోజే ఒక బారకుడా కొరికి ముక్క ఊడదీసింది.

దిగేటప్పుడు సరంగు దాన్ని చేతిలో తూచి చూసి, నోటి గుంట ఇంకొంచెం లోతు చెయ్యమన్నాడు, అక్కడ నీరు లాగుడు ఎక్కువ కాబట్టి చప్పుడు పెద్దది కావాలట. రెండు మిల్లీమీటర్లు లోతు పెంచి, లక్క లేకుండా, నాలుగు తిప్పాను. రెండు ఆయనకి. వైజాగ్ నుంచి వచ్చే నెల ఓడలో జంగ్లీఘాట్‌కి వెళ్లే మనిషి ఒకరు దొరికారు, ఆ చేతికే ఇచ్చి పంపుతున్నాను.