కుక్కపిల్లా, ఎదిగిన కుక్కా: ఏది మేలు?

కుక్కను పెంచుకోవాలని నిశ్చయించుకున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: రెండు నెలల పిల్లను తెచ్చుకోవాలా, రెండు మూడేళ్లు నిండిన కుక్కను తెచ్చుకోవాలా? ఏడాది క్రితం మా ఇంట్లోనూ దీనిపై చాలా రోజులు తర్జనభర్జన జరిగింది. చివరికి మేము నాలుగేళ్ల కుక్కను తెచ్చుకున్నాము.

పిల్ల పక్షాన ఉన్న వాదన బలహీనమైనదేమీ కాదు. పుట్టిన 3వ వారం నుంచి సుమారు 14వ వారం వరకు కుక్కపిల్ల కొత్తదనాన్ని సులువుగా స్వీకరిస్తుంది; ఆ రోజుల్లో చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, ఎక్కిన వాహనాలు దానికి పెద్దయ్యాక కూడా బెదురు పుట్టించవు. అయితే 8 వారాలు నిండకముందు పిల్లను తల్లి నుంచి వేరు చేయకూడదు కనుక, ఆ కాలంలో మన చేతికి వచ్చేది ఆరు వారాలే. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, కొన్ని వారాలకొకటి చొప్పున కనీసం 16 వారాల వరకు సాగుతాయి. అవి పూర్తయ్యేదాకా ఇతర కుక్కలు తిరిగే నేల మీద దాన్ని వదలడం ప్రమాదం. అంటే లోకాన్ని చూపించవలసిన రోజుల్లోనే దాన్ని ఎత్తుకుని తిప్పాలి. అందుకు ఇంట్లో తీరిక ఉన్న మనిషి కావాలి.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ఆ తీరికే. ప్రేమ, స్థలం, ఖర్చు అన్నీ దాని తరువాతివి. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. కొన్ని వారాలపాటు రాత్రిళ్లు కూడా లేచి దాన్ని బయటికి తీసుకువెళ్లాలి. ఉదయం తాళం వేసి సాయంత్రం తీసే ఇంట్లో అది నేల పాడుచేస్తే తప్పు దానిది కాదు, కానీ ఆ అలవాటు మాత్రం దానికే అంటుకుంటుంది. అందుకే మేము ఒక కాగితం మీద వారంలోని ప్రతి గంటనూ రాసి, ఆ గంటలో ఇంట్లో ఎవరుంటారో పేరు వేశాము. ‘ఎవరో ఒకరం చూసుకుంటాం’ అన్న మాటకు అక్కడ చోటివ్వలేదు. వారంలో మూడు రోజులు పదింటి నుంచి నాలుగింటి వరకు గడులు ఖాళీగా మిగిలాయి. అంతవరకు పిల్లే కావాలని పట్టుబట్టిన మా అమ్మాయి కూడా ఆ గడులు చూసి ఒప్పుకుంది.

ఎదిగిన ఆరోగ్యవంతమైన కుక్క సాధారణంగా ఆరు గంటల వరకు ఆగగలదు. దాని పరిమాణం, స్వభావం, పిల్లలతో మెలిగే తీరు ముందే చూసి తెలుసుకోవచ్చు. కుటుంబమంతా రెండు మూడుసార్లు వెళ్లి కలవడం, ఇదివరకు ఒంటరిగా ఉండగలిగేదా అని అడగడం అవసరం. దాని గతం మనకు పూర్తిగా తెలియకపోవడం నిజమైన లోపమే. మాది మొదటి రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు, అన్నం ముట్టలేదు. పెద్ద కుక్క కొత్తవారికి మాలిమి కాదనే మాట మాత్రం నిజం కాదు. మూడో వారానికి అది గుమ్మం దగ్గర మా కోసం ఎదురుచూడసాగింది.

ఆయుర్దాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కుక్కలు సాధారణంగా 10 నుంచి 13 ఏళ్లు బతుకుతాయి, చిన్న జాతులు ఇంకొంత ఎక్కువ. పదేళ్ల పిల్లవాడు ముచ్చటపడి తెప్పించుకున్న కుక్కపిల్లకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి అతడు చదువు కోసం ఇల్లు విడుస్తాడు. దాని ముసలితనంలో సేవ చేయవలసింది తల్లిదండ్రులే. ఆ సంగతి వారు మొదటి రోజే అంగీకరించాలి.

పిల్లి ఒంటరితనాన్ని కొంత మెరుగ్గా ఓర్చుకుంటుంది కాబట్టి దాన్నీ పరిశీలించవచ్చు. బాగా వయసు మళ్లిన కుక్కను తెచ్చుకోవడం పుణ్యమే కాని, మొదటిసారి పెంచేవారికి నేను సూచించను.

కాగితంలో ఖాళీలు మిగలనివారు నిస్సంకోచంగా పిల్లను తెచ్చుకోవచ్చు. సెలవు పెట్టి తెచ్చుకునేవారు మాత్రం మొదటి వారం నుంచే దాన్ని ఐదు నిమిషాలు, పది నిమిషాలు పక్క గదిలో ఒంటరిగా ఉంచడం అలవాటు చేయాలి. నెలరోజులు ఒడిలో పెట్టుకుని, సెలవు ముగిసిన మర్నాడు ఒక్కసారిగా తాళం వేసి వెళ్లిపోతే ఆ పసిప్రాణం బెంబేలెత్తిపోతుంది.